గడప తొక్కని పిలుపు

లిన్‌కాయ్ దీవి, చిలోయె, చిలీ
1966 డిసెంబరు 4

ఇంటి పెద్ద, గౌరవనీయులైన ఎలియాసెర్ అన్నగారికి,

నీ ఉత్తరం లాంచీలో ఎవరివో కోళ్ళతో కలిసి వచ్చింది. ఒక కోడి దాని మీదే కూర్చుని ప్రయాణం చేసినట్టుంది. అయినా అక్షరాలు చెరగలేదు. చెరిగితే నాకు కొంత పని తగ్గేది.

రెండు కాగితాలు రాశావు. ఒకటిన్నర కాగితం నేను చెయ్యాల్సిన పనులు, మిగతా సగం నీ నడుం నొప్పి. దక్షిణాన ఆ గాలిలో నిలబడి గొర్రెల బొచ్చు కత్తిరించడం ఎంత కష్టమో ఇంట్లో కూర్చున్నదానికి తెలియదన్నావు. నిజమే, తెలియదు. ఇంట్లో కూర్చుని నేను ఎండుగడ్డి కోస్తున్నాను, కప్పు మీద కుళ్ళిన చెక్క పెంకులు మారుస్తున్నాను, నాచు ఏరి ఆరబెడుతున్నాను, పంది పాకలోంచి వచ్చి అత్త కాళ్ళకి కొవ్వు రాస్తున్నాను. అలా కూర్చునే ఉన్నాను.

ముందుగదికి నీలం రంగు వెయ్యమన్నావు. ఎందుకో రాయలేదు. ఆ గోడల వంక నువ్వెప్పుడైనా చూశావంటే అది టోపీ తగిలించడానికి మేకు ఉందా అనే. ఇప్పుడు రంగు కావలసి వచ్చింది. సరే, దేశమంతా ముందుకు పోతోంది, నువ్వూ పోతున్నావు.

అసలు సంగతి వేరే ఉంది. సెప్టెంబరు తుఫానుకి మన మరుగుదొడ్డి సముద్రంలోకి పోయింది. ఆ సమయానికి రోసెందా అత్త అందులో లేదు, లాంతరు ఉంది. అత్త ఇప్పటికీ లాంతరు కోసం ఏడుస్తోంది. ఆరేళ్ళ కిందటి పెద్ద భూకంపం నాటి నుంచి సముద్రం ఒడ్డుని కొరుకుతూనే ఉంది, నీకు తెలుసు. ఇప్పుడు గట్టు అంచుకీ మన వంటింటి గోడకీ మధ్య నేను వెల్లకిలా పడుకుంటే తల అటూ కాళ్ళు ఇటూ ఆనేంత జాగా మిగిలింది. వచ్చే శీతాకాలం వానలకి అది ఆగదు. ఈ వేసవిలోనే, అంటే ఫిబ్రవరి దాటకముందే, చెక్క ఇంటిని విప్పకుండా ఉన్నదున్నట్టు పైకి లాగాలి. లేకపోతే మరుగుదొడ్డి వెనకాలే మేమూ.

ఇల్లు లాగాలంటే ఊరంతటి ఎడ్లూ కావాలి, మనుషులూ కావాలి. నువ్వేమో నువ్వు లేకుండా ఏదీ మొదలుపెట్టొద్దన్నావు. ఇంకో చోట ఏప్రిల్ దాకా రానన్నావు. ఈ రెండూ కలిపి చదివి అర్థం చెప్పమని అత్తని అడిగాను. "వాడికి బుర్రలోపల కూడా ఉన్ని పెరుగుతోందే" అంది.

ఇల్లిల్లూ తిరిగి నేను అడగనా? అవునో కాదో రాయి. నడుం గురించి తర్వాత రాద్దువుగాని.

నీ పనిమనిషి, కాదు, చెల్లెలు
ఒటీలియా


గొర్రెల ఫారం, మగయానెస్
1966 డిసెంబరు 23

చెల్లెలు ఒటీలియాకి,

నీ నాలుక ఇంకా అలాగే ఉంది, సంతోషం. ఆ నాలుక చూసే ఇన్నాళ్ళూ నీకు సంబంధాలు రాలేదని ఇక్కడ మన దీవి కుర్రాళ్ళు కూడా అంటున్నారు.

ఇల్లు లాగుడు జనవరి 21, శనివారం. నిర్ణయించేశాను. జనాన్ని పిలిచే సంగతి నువ్వు పెట్టుకోకు. ఆడపిల్లవి, ఇల్లిల్లూ తిరిగి బతిమాలడం మన ఇంటి పరువుకి బాగుండదు. నాన్న తర్వాత ఇంటికి పెద్దని నేను, పిలవాల్సింది నేను. ఇక్కడినుంచే పిలుస్తాను. లోకం మారింది చెల్లీ, టోపీ చేత్తో పట్టుకుని బురదలో తిరిగే రోజులు పోయాయి. అన్నీ ఏర్పాటు చేశాను, చూస్తావుగా.

నీ పని వండి పెట్టడం. పెద్ద పంది కొయ్యండి. ఆపిల్ కల్లు తక్కువ కాకూడదు, తక్కువైతే బాల్దొమేరో బాబాయ్ పదేళ్ళు చెప్పుకుంటాడు. కిటికీల అద్దాలు, పొయ్యి గొట్టం ముందురోజే తీసి ఉంచు.

ఇల్లు నిలపాల్సింది లాంచీ రేవు పైన చదును మీద. ముందుగది సముద్రం వైపు తిరగాలి. ఇది చాలా ముఖ్యం. నీలం రంగు మరిచిపోకు.

నడుం కాస్త నయం. అడగలేదు గానీ చెబుతున్నాను.

ఇంటి పెద్ద
ఎలియాసెర్


లిన్‌కాయ్ దీవి
1967 జనవరి 22

లోకాన్ని మార్చిన ఎలియాసెర్ అన్నగారికి,

నిన్నటి మన ఇల్లు లాగుడు వైభవం నువ్వు చూడలేకపోయావు కాబట్టి రాస్తున్నాను.

తెల్లవారకముందే లేచాం. పందిని ముందురోజే కోశాం, అంటే నేను కోశాను, అత్త పక్కన నిలబడి ఎలా కొయ్యాలో చెప్పింది. వంటకి గుంట తవ్వాను. అందులో రాళ్ళు ఎర్రగా కాలేంత వరకు మంట పెట్టాను. ఆల్చిప్పలు రెండు గంపలు ఏరాను. బంగాళాదుంపలు తురిమి తురిమి అత్త వేళ్ళకి చర్మం లేదు. కిటికీలు తీసేశాను. పొయ్యి గొట్టం తీసేశాను. ఇంటి కిందకి పాకి, స్తంభాల చుట్టూ మట్టి తోడి, ఏడాది క్రితం పోయిన మన పిల్లి ఎక్కడుందో కనుక్కున్నాను. సూర్యుడు పైకి వచ్చేసరికి మన ఇల్లు పళ్ళు పీకిన ముసలమ్మలా నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

ఎండ కూడా నీ ఆజ్ఞ ప్రకారమే కాసింది. మబ్బు తునక లేదు. అలాంటి రోజు వేసవికి ఒకటి వస్తే గొప్ప.

ఎవరూ రాలేదు.

నేను అరుగు మీద, అత్త గుమ్మంలో, గుంటలో రాళ్ళు. ముగ్గురం ఎదురుచూశాం. ఊరు ఊరంతా ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. ఒకరి పొలంలో గడ్డి కోత, ఇంకొకరి ఇంట్లో ఉన్ని ఉతుకుడు. అంత బాగా కనిపించాయి అన్నీ, కిటికీలు లేవు కదా.

పొద్దెక్కాక బాల్దొమేరో బాబాయ్ తన ఎడ్లని తోలుకుంటూ దారిన వచ్చాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎదురు పరిగెత్తాను.

"రండి బాబాయ్, మీరే మొదలు."

"దేనికమ్మా? ఎడ్లకి నీళ్ళు పెట్టడానికి పోతున్నా."

"ఇవాళ మా ఇల్లు లాగుడు కదా."

"అవునవును, రేడియోలో విన్నాం." ఎడ్లని ఆపాడు. మన గుంట వంక చూశాడు, పంది వాసన పీల్చాడు, మళ్ళీ ఎడ్ల వంక చూశాడు. "మధ్యాహ్నం జనం పంపిన కబుర్లు చదువుతాడు కదా, అందులో చదివాడు. ఎవరిదో ఆడపంది తప్పిపోయిందట, ఆ కబురుకీ ఎవరో చనిపోయిన కబురుకీ మధ్యలో మీ అన్న పంపిన కబురు. 'లిన్‌కాయ్ వాస్తవ్యులు ఎడ్లతో సహా హాజరు కావాలి' అన్నాడు. మా ఆవిడ ఆ పందిని వెతకడానికి మాత్రం బయలుదేరింది పాపం."

నా మొహం ఎలా ఉండి ఉంటుందో నువ్వు ఊహించుకో. మనింట్లో రేడియో లేదు కదా, నువ్వు పిలిచిన పద్ధతి నాకు అప్పుడే తెలిసింది.

"మరి మీరు రారా బాబాయ్?"

"పిలిస్తే రాకపోవడమేంటమ్మా. పిలవాలి కదా. రేడియో మా గడప తొక్కలేదు. పొయ్యి దగ్గర కూర్చోలేదు. మాతే ఆకు టీ పోసి ఇద్దామంటే తాగే నోరు లేదు దానికి." టోపీ సర్దుకున్నాడు. "హాజరు కావాలట. పోలీసులు కూడా కాస్త మర్యాదగా పిలుస్తారు."

పోయాడు. నిజంగానే ఎడ్లకి నీళ్ళే పెట్టాడు.

అత్త అంతా విని ఒకే మాట అంది: "మీ నాన్న ఒక్క రోజు నాగలి కావాలన్నా వర్షంలో తడుస్తూ వెళ్ళి, వాళ్ళ మాతే తాగి, వాళ్ళ పిల్లల దగ్గులు కూడా కనుక్కుని, అప్పుడు అడిగేవాడు. వీడికి అది నేర్పడానికి ఎంత మంది నాన్నలు కావాలి?"

రోజు పోనివ్వడం ఎందుకని పనులు చేశాం. ఎంత మంచి పనిరోజయ్యిందో చెప్పలేను. ఎండుగడ్డి మోశాను. కంచె ఎత్తాను. నాచు తిరగేశాను. గొర్రెకి గిట్టలు కోశాను. అత్త సబ్బు వండింది. మధ్యలో పనంతా ఆపి ఊరికి సరిపడా తిండి ముందు ఇద్దరం కూర్చుని తిన్నాం. తర్వాత మళ్ళీ తిన్నాం. పంది ఇంకా అలాగే ఉంది. మిగిలింది ఉప్పులో పెట్టాను. ఆపిల్ కల్లు అత్త తక్కువ కానివ్వలేదు, నీ మాట దక్కింది.

సాయంత్రానికి గాలి తిరిగింది. రాత్రంతా కిటికీలు లేని ఇంట్లో వాన కురిసింది. కిటికీలు మళ్ళీ బిగించాను. నీలం రంగు వెయ్యలేదు.

పరువు బాగానే ఉంది. దాన్ని కూడా ఉప్పులో పెట్టాను.

ఒటీలియా


గొర్రెల ఫారం, మగయానెస్
1967 ఫిబ్రవరి 3

ఒటీలియాకి,

ఊరివాళ్ళు ఇంత మోటు మనుషులని నాకు తెలియదు. రేడియోవాళ్ళకి ఎంత మర్యాదగా రాశాను, "దయచేసి" అని కూడా పెట్టాను. వాళ్ళే తీసేసి ఉంటారు.

సరే, వాళ్ళకి గడపలే కావాలంటే నువ్వే వెళ్ళు. నా పేరు చెప్పు. ఎలియాసెర్ అడుగుతున్నాడని చెప్పు, ఏప్రిల్‌లో వచ్చాక అందరినీ కలుస్తాడని చెప్పు. నా పేరుకి ఊళ్ళో ఆ మాత్రం విలువ ఉంది.

ఆలస్యం చెయ్యొద్దు. ముందుగది చెడిపోకూడదు. ఎందుకో చెప్పాలి కదా, చెబుతాను. ఇక్కడ పట్నంలో నెలిదా అని ఒక అమ్మాయి ఉంది. మాంసం కర్మాగారంలో డబ్బాలకి మూతలు వేస్తుంది. మేము నవంబరులోనే పెళ్ళి చేసుకున్నాం. ఉత్తరంలో రాద్దామనుకుంటూనే ఉన్నాను, ప్రతిసారీ పనుల గురించి రాసేసరికి కాగితం అయిపోయింది. సముద్రం కనిపించే నీలం గది అని ఆమెకి మాటిచ్చాను.

నీ వదినకి నువ్వు నచ్చుతావు. మాట తగ్గించుకుంటే.

ఎలియాసెర్


లిన్‌కాయ్ దీవి
1967 ఫిబ్రవరి 20

పెళ్ళికొడుకు ఎలియాసెర్‌కి,

శుభాకాంక్షలు. కాగితం అయిపోయి పెళ్ళి దాచిన మగాడు ప్రపంచంలో నువ్వొక్కడివే. అత్తకి చెప్పాను. "పోనీలే, మూతలు వెయ్యడం తెలిసిన పిల్ల. వాడి నోటికి కూడా ఒకటి వేస్తుంది" అంది. నెలిదా మీద నాకు కోపం లేదు. పాపం ఆ పిల్లకేం తెలుసు.

ఇక ఇంటి సంగతి, వరసగా చదువు.

నీ ఉత్తరం పట్టుకుని నీ పేరు మీద బయలుదేరాను. మొదట బాల్దొమేరో బాబాయ్ ఇంటికే, ఆయన ఎడ్లు కదలకపోతే ఎవరి ఎడ్లూ కదలవు కదా. పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. మాతే ఇచ్చాడు. తాగాను. ఇంకోటి ఇచ్చాడు. తాగాను. వాళ్ళావిడ ఆ పంది దొరకలేదని చెప్పింది. బాధపడ్డాను. అప్పుడు అడిగాను.

"మా అన్న ఎలియాసెర్ మీ ఎడ్లు అడగమన్నాడు బాబాయ్."

"ఇల్లెవరిదమ్మా?"

"అన్నది."

"అన్నే రావాలి మరి."

"అన్న దక్షిణాన ఉన్నాడు కదా. వచ్చాక కలుస్తానన్నాడు."

"కలవడం నాకెందుకు? చూడు తల్లీ, మీ ఇల్లు లాగే రోజు పని నాది. మార్చిలో నా దుంపలు తవ్వే రోజు పని, ఎడ్లు అడిగినవాళ్ళది. ఇన్నేళ్ళూ పనికి పని బదులు, అలాగే కదా నడిచింది. ఇప్పుడు పేరు వచ్చి అడిగింది. మార్చిలో నా చేలోకి ఎవరొస్తారు, పేరొస్తుందా? పార పట్టుకుంటుందా?"

లేచి వచ్చేశాను. ఇంకో మూడిళ్ళకి వెళ్ళాను. అదే మాతే, అదే ప్రశ్న. నీ పేరుకి విలువ లేకపోలేదు అన్నా, దానికి చేతులు లేవంతే.

ఆ సాయంత్రం వంటింట్లో నేల పగిలింది. పొయ్యి కింద నుంచి గుమ్మం దాకా, నా చూపుడు వేలు దూరేంత. అత్త దాని మీద చాప వేసి, "కనిపించకపోతే ఉన్నట్టు కాదు, మీ అన్న పెళ్ళిలాగా" అంది. తర్వాత తన పక్క చుట్టుకుని ముందుగదిలోకి పోయింది. అత్త పొయ్యి వదిలి పడుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

నేను ఈ ఇంటి కప్పు ఎక్కాను. ఈ ఇంటి కింద పాకాను. దీని నీళ్ళు మోశాను, దీని గొట్టం దులిపాను, పదమూడో ఏట బడి మాన్పించింది కూడా దీని పనుల కోసమే. ఆ తర్వాత నాకొచ్చిన నాలుగు అక్షరాలూ పొయ్యి వెలిగించే పాత పేపర్లలో కూడబలుక్కున్నవి. ఇన్ని చేసి, ఇల్లెవరిదని అడిగితే రెండుసార్లు ఆలోచించకుండా అన్నది అన్నాను. నా నోటి మీద నాకే చిరాకేసింది. ఊరంతా దీని పదును గురించి చెప్పుకుంటారు, అవసరానికి మాత్రం మొద్దు.

పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఈసారి మాతే పొయ్యనివ్వలేదు.

"ఇల్లు నాది బాబాయ్. నేనే అడుగుతున్నా. మార్చిలో మీ దుంపలు నేనే తవ్వుతా."

ఆయన వాళ్ళావిడ వైపు చూశాడు. "ఈ పిల్ల ఈ ముక్క నిన్ననే అని ఉంటే ఒక మాతే మిగిలేది కదుటే" అన్నాడు. అని, అయినా పోశాడు. అడిగాక పోసింది తాగితేనే మాట ఖాయమైనట్టని నీకు గుర్తుందో లేదో.

ఆ రోజూ మర్నాడూ దీవంతా తిరిగాను. ప్రతి గడపలో అదే మాట అన్నాను. మొదటి ఇంట్లో రెండుసార్లు అనాల్సి వచ్చింది, చివరి ఇంటికి వచ్చేసరికి పుట్టినప్పటినుంచీ అంటున్నట్టే వచ్చింది. కడుపు మాత్రం కల్లు పీపాలాగా తయారైంది.

మొన్న శనివారం లాగాం. ఎడ్ల జతలు గట్టు మీద బారులు తీరాయి. కింద రెండు పెద్ద దుంగలు కట్టి, ఇంటిని గునపాలతో లేపి వాటి మీద కూర్చోబెట్టారు. బాల్దొమేరో బాబాయ్ ముందు నిలబడి, కర్ర ఎత్తి, నా వైపు తిరిగాడు.

"ఎక్కడికమ్మా?"

ఆయనకి తెలుసు, నువ్వు రేవు పైన చదును చెప్పావని. రేడియోలో అది కూడా చదివారట. అందరూ నా వంక చూస్తున్నారు, ఎడ్లతో సహా.

"ఊట దగ్గరికి" అన్నాను. "నీళ్ళు మోసేది నేను."

కర్ర దిగింది. మనుషుల కేకలకి ఎడ్లు వంగి లాగాయి. ఇల్లు ఒక్కసారి మూలిగి కదిలింది. అత్త దిగనని లోపలే కూర్చుంది. మధ్యదారిలో తాళ్ళు తెగాయి, మళ్ళీ కట్టి లాగితే దుంగ రాయికి తట్టుకుంది. అప్పుడు ఇల్లు ఒక పక్కకి ఒరిగింది. లోపలినుంచి అత్త, "ఎవడ్రా తోలేది, కళ్ళు లేవా" అని తిట్టింది. దాంతో అందరికీ బలం వచ్చింది. మధ్యాహ్నానికి ఇల్లు ఊట దగ్గర దిగింది.

మళ్ళీ పంది కోశాను, ఇది చిన్నది. పెద్దది నీ రేడియో తినేసింది.

ముందుగది కొండ వైపు తిరిగింది. కిటికీలోంచి బాల్దొమేరో బాబాయ్ దుంపల చేను బ్రహ్మాండంగా కనిపిస్తుంది. నేను మార్చి అంతా అక్కడే ఉంటాను, ఆ తర్వాత మిగతా చేలల్లో.

ఒటీలియా


పుంతా అరెనాస్ పట్నం, మగయానెస్
1967 మార్చి 9

ఒటీలియా,

ఇల్లు నిలిచింది, మంచిది. మిగతాది నాకు అర్థం కాలేదు.

నీదని ఎలా అంటావు? నాన్నది ఆ ఇల్లు. నేను పెద్దకొడుకుని. ఎవరి గడపలోనో మాతే తాగితే ఇల్లు చేతులు మారుతుందా? నువ్వు చేసింది చెప్పుకుంటే ఇక్కడ మన కుర్రాళ్ళు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఒకడు, "అయితే ఇల్లు ఆమెదే కదా" అన్నాడు. కొట్లాడాను. నా పన్ను కదిలింది.

నెలిదాకి చెప్పాను, సముద్రం కనిపించదని. పోనీ ఏం కనిపిస్తుందని అడిగింది. దుంపలు అన్నాను. ఆలోచించి, దుంపలు మంచివే కదా, తినొచ్చు అంది. ఈమె ఎవరి పక్షమో తెలియడం లేదు.

ఏప్రిల్ మొదటి వారంలో వస్తున్నాం. ముందుగది ఖాళీ చేసి ఉంచు.

ఎలియాసెర్


లిన్‌కాయ్ దీవి
1967 మార్చి 21

ఎలియాసెర్,

చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, కొద్దిగానే రాస్తాను.

ముందుగది ఖాళీగా లేదు. అందులో విత్తనపు దుంపలున్నాయి. నాన్న ఇల్లు గట్టు అంచున ఉండేది. ఆ చోటు మార్చి వానకి పోయింది. కావాలంటే పడవేసుకుని వెళ్ళి చూసుకో, పెద్దకొడుకువి కదా. ఇప్పుడున్నది ఊరంతా నాకోసం లాగినది. దానికి బాకీపడ్డ పనిరోజులు నేను తీరుస్తున్నాను. సగం కూడా అవలేదు.

ఇంట్లో పడుకునేవాళ్ళంతా ఆ పనిరోజుల్లో పాలు పంచుకోవాలి. నెలిదాకి మినహాయింపు, ఆమె నన్ను ఏ పనీ చెయ్యమనలేదు.

ఖాళీ చేసి ఉంచమని రాశావు. ఉంచను. ఉండొచ్చా అని అడుగు, అప్పుడు చూస్తాను.

ఒటీలియా


నీ గుమ్మం ముందు
ఏప్రిల్ 5, సాయంత్రం

ఒటీలియాకి,

లాంచీ దిగి గంటయ్యింది. నువ్వు బాల్దొమేరో బాబాయ్ చేలో ఉన్నావట. తలుపు కొడితే అత్త తీసింది. ముద్దు పెట్టుకుంది, ఏడ్చింది, "ఇల్లుగలామె లేదు, ఆమె వచ్చేదాకా నిన్ను రానివ్వడం నా చేతిలో లేదు" అంది. అని నెలిదాని మాత్రం లోపలికి తీసుకెళ్ళి పొయ్యి దగ్గర కుర్చీ వేసింది. ఇద్దరి నవ్వూ వినిపిస్తోంది. నన్ను తలుచుకునే అనుకుంటా.

నేను మెట్టు మీద ఉన్నాను. చలిగా ఉంది. చేలోకి వచ్చి నోటితోనే అడుగుదామనుకున్నాను. అందరూ వంగి తవ్వుతున్నారు, మధ్యలో నువ్వు. గేటు దాకా వచ్చి తిరిగిపోయాను. అందుకని ఈ చీటీ బాల్దొమేరో బాబాయ్ వాళ్ళావిడ చేతికిచ్చి పంపుతున్నాను.

ఉండొచ్చా?

ఎలియాసెర్


(అదే కాగితం వెనక)

బాబాయ్ కూడా చదివాడు, ఏమీ అనుకోకు. ఊరంతా చదివింది.

రేపు మేము ఈ చేను ముగిస్తాం. ఎల్లుండి అవతలి గట్టు వాళ్ళది, తడినేల, నడుం విరుగుతుంది. అక్కడి పని నీ వంతు. పార పాకలో ఉంది, పిడి వదులుగా ఉంది, ఈ రాత్రే బిగించుకో.

విత్తనపు దుంపలు ఓ మూలకి జరిపి పడుకోండి. తొక్కకుండా.

ఒటీలియా